బున్యుయెల్ సినిమాల్లో ఏది గొప్పది? నా ఓటు బండి కింద కుక్కకి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గదిలో ముగ్గురు, వాదనలు మూడు. ఒకాయన 1929 నాటి 'అన్ షియెన్ ఆందలూ' తర్వాత స్పానిష్ దర్శకుడు లూయిస్ బున్యుయెల్ ఏం తీసినా దిగుడే అంటున్నారు. రెండో ఆయన ఆస్కార్ వచ్చిన 'ది డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ది బూర్జువాజీ'ని మించింది లేదంటున్నారు. మీరేమో 1950 నాటి 'లోస్ ఓల్విదాదోస్' పక్షం. కానీ "అందులో సర్రియలిజం ఎక్కడుంది, అది మురికివాడ పిల్లల కథ కదా" అని వాళ్లు అడిగితే మీ దగ్గర జవాబు లేదు. ఇవన్నీ పక్కన పెట్టి, ఒక్క బున్యుయెల్ సినిమా కూడా చూడని మీ చెల్లెలికి మొదట ఏది చూపించాలి అన్నది చివరి ప్రశ్న.

గొప్పది 'విరిదియానా' (1961). మొదట చూపించాల్సింది 'ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్' (1962). మీ 'లోస్ ఓల్విదాదోస్' నా లెక్కలో రెండోది. వెంట్రుకవాసి తేడా, అంతే. మీరేం ఓడిపోలేదు.

నేనేమీ సినిమా పాఠాలు చెప్పే మనిషిని కాదు. కోస్తాలో ఒక చిన్న ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా ఫిల్మ్ సొసైటీ నడిపాను. నడపడం అంటే కుర్చీలు వేయడం, కరెంటు పోతే జనరేటర్ వాడికి ఫోన్ కొట్టడం, సినిమా అయ్యాక "ఏంటండీ ఇది, ఆదివారం పాడైపోయింది" అనేవాళ్ల పక్కన కూర్చుని టీ తాగడం. బున్యుయెల్ సినిమాలు తొమ్మిదో పదో వేశాను. కొన్ని రెండేసి సార్లు. కాబట్టి నేను చెప్పేది పుస్తకాల కంటే ఆ టీ దగ్గర విన్నదే ఎక్కువ.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం, లేకపోతే మీ గదిలో వాదన ఉగాది దాకా సాగుతుంది. మన సాహిత్య విమర్శలో శ్రీశ్రీ, నారాయణబాబుల కాలం నుంచీ సర్రియలిజానికి, అంటే కలల తర్కంతో నడిచే కళకి, 'అధివాస్తవికత' అనే మాట ఉంది. ఆ మాట వినగానే చాలామందికి కరిగే గడియారాలూ గాల్లో తేలే మనుషులే గుర్తొస్తారు. అది చిత్రకారుడు సాల్వడార్ దాలీ బొమ్మ చూసిన కన్ను. దాలీ, బున్యుయెల్ మాడ్రిడ్‌లో విద్యార్థులుగా స్నేహితులే, మొదటి సినిమా కలిసి రాసినవాళ్లే. కానీ ఆ తర్వాత ఇద్దరి దారులూ పూర్తిగా వేరు. బున్యుయెల్ ముదిరేకొద్దీ కెమెరా సాదా అయిపోయింది. 'నాజరీన్' తీసేటప్పటి ముచ్చట ఒకటి ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. కెమెరామన్ గేబ్రియల్ ఫిగెరోవా మెక్సికోలో పేరు మోసినవాడు, మబ్బుల్ని కూడా నటింపజేస్తాడని చెప్పుకునేవాళ్లు. ఆయన పొపొకతెపెట్ల్ అగ్నిపర్వతం, దాని మీద తెల్లటి మబ్బులు వచ్చేలా బ్రహ్మాండంగా ఫ్రేము పెట్టి పిలిచాడు. బున్యుయెల్ వచ్చి చూసి, కెమెరాని వెనక్కి తిప్పి, ఎదురుగా ఉన్న మామూలు దృశ్యం తీశాడు.

నా వాదన అంతా ఆ తిప్పడంలో ఉంది. వింత కనిపించాలంటే చుట్టూ ఉన్నది మామూలుగా ఉండాలి. అంతా వింతే అయితే ఏదీ వింత కాదు.

ఇప్పుడు మీ మొదటి స్నేహితుడి సంగతి. 'అన్ షియెన్ ఆందలూ' పావుగంట చిల్లర సినిమా. డబ్బు బున్యుయెల్ తల్లి ఇచ్చింది. సన్నటి మబ్బు చంద్రుణ్ణి కోస్తున్నట్టు బున్యుయెల్‌కి కల, అరచేతిలో చీమలు పాకుతున్నట్టు దాలీకి కల. ఆ రెండు కలలతో మొదలుపెట్టి, బుద్ధికి అందే వివరణ ఉన్నది ఏదైనా సరే తీసి పారేయడం అనే నియమంతో రాశారు. పారిస్‌లో మొదటి ప్రదర్శన రోజు జనం తిరగబడితే విసరడానికి జేబుల్లో రాళ్లు పోసుకుని తెర వెనక నిలబడ్డానని, గ్రామఫోన్ మీద వాగ్నర్‌నీ అర్జెంటీనా టాంగోల్నీ మార్చి మార్చి వేశానని బున్యుయెల్ చెప్పుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు, రాళ్లు మిగిలిపోయాయి. నాకెందుకో ఆయన కొంచెం నిరాశపడ్డాడేమో అనిపిస్తుంది.

మంగలికత్తితో కన్ను కోసే ఆ షాట్ గురించి చెప్పక్కర్లేదు. ఇప్పటికీ మా హాల్లో సగంమంది ముఖం తిప్పుకుంటారు. కానీ రెండోసారి చూసినప్పుడు? అది చచ్చిన దూడ కన్ను అని తెలిశాక? షాకు అనేది ఒక్కసారి కాల్చే తుపాకి. చరిత్రలో దాని చోటు దానిదే, కాదనను. కానీ తలుపు తెరిచిన సినిమా వేరు, లోపల ఇల్లు కట్టిన సినిమా వేరు. మీ స్నేహితుడు పెద్దగా అరిస్తే 1930 నాటి 'లాజ్ డోర్' చూశారా అని అడగండి. దాన్ని ఆడిస్తుండగా మితవాద మూక తెర మీద సిరా చల్లింది, పోలీసులు సినిమాని నిషేధించారు. అల్లరే కొలబద్ద అయితే అదే పెద్దది.

మీ 'లోస్ ఓల్విదాదోస్'కి వస్తాను. అందులో సర్రియలిజం ఎక్కడుంది అన్నవాళ్లకి పెద్రో కల చూపించండి చాలు. పిల్లాడు ఆకలితో నిద్రపోతాడు. మెలకువలో దగ్గరికి రానివ్వని తల్లి కలలో తెల్ల గౌనులో, నెమ్మదిగా, తేలుతున్నట్టు మంచం మీంచి దిగి వస్తుంది. ప్రేమగా మాట్లాడుతుంది. "ఆ రోజు మాంసం ఎందుకు పెట్టలేదమ్మా" అన్నట్టు వాడు అడిగితే, వెనక్కి తిరిగి చేతుల్లో పచ్చి మాంసం ముద్ద పట్టుకొస్తుంది. వాడు అందుకోబోతాడు. మంచం కింద నుంచి ఇంకొకడి చెయ్యి వచ్చి లాక్కుంటుంది. ఆ చెయ్యి ఎవరిదో, వాడు మెలకువలో పెద్రో దగ్గర ఏమేం లాక్కోబోతున్నాడో తర్వాత మీకే తెలుస్తుంది. కల కథకి అలంకారం కాదు. కథ చెప్పలేని నిజం కల చెప్పింది.

అది కాక ఇంకోటి ఉంది, జనం తక్కువ మాట్లాడేది. బాలల శిక్షణాలయంలో పెద్రో కోడిగుడ్డు తీసి సూటిగా కెమెరా మీదకి విసురుతాడు. గుడ్డు అద్దం మీద పగిలి సొన కారుతుంది. మనం కూర్చున్న చోటికి విసిరిన గుడ్డు అది. మూడు వారాల్లో తీసిన సినిమాలో, నిర్మాత గడియారం చూస్తుండగా, ఆ ధైర్యం.

మెక్సికోలో విడుదలైన కొద్ది రోజులకే దాన్ని తీసేశారు. దేశం పరువు తీశాడని తిట్టిపోశారు. 1951లో కాన్ సినిమా పండుగలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. అప్పుడు దౌత్య ఉద్యోగంలో ఉన్న కవి ఒక్తావియో పాస్ తను రాసిన వ్యాసం ప్రతులు అక్కడ పంచిపెట్టాడు. ఆ తర్వాతే సొంత దేశంలో గౌరవం. 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. బయటివాళ్లు మెచ్చుకున్నాక ఇంట్లోవాళ్లకి కళ్లు తెరుచుకోవడం మనకి తెలియనిదేం కాదు.

మరి ఎందుకు రెండో స్థానం? ఒక్కటే కారణం. అందులో బున్యుయెల్ కోపంగా ఉన్నాడు. కోపం ఉన్నచోట నవ్వు తక్కువ. నాకు నవ్వే బున్యుయెల్ ఎక్కువ భయంకరంగా కనిపిస్తాడు.

అందుకే చెల్లెలికి 'ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్' అన్నాను. కథ రెండు ముక్కల్లో: పెద్దింటివాళ్లు ఆపెరా చూసి ఒక భవనానికి విందుకి వస్తారు. నౌకర్లు ఏదో తోచి ఒక్కొక్కరే జారుకుంటారు. విందయ్యాక అతిథులు ఇంటికి పోవాలి. పోరు. తలుపు తెరిచే ఉంది, అడ్డం ఎవరూ లేరు, గడప దాటలేరు. రాత్రి గడుస్తుంది, రోజులు గడుస్తాయి. గోడ పగలగొట్టి గొట్టంలో నీళ్లు తాగుతారు, దారి తప్పి గదిలోకొచ్చిన గొర్రెల్ని కోసుకుంటారు. మర్యాదస్తుల మర్యాద ఒక్కో పొర ఊడుతుంది.

మేము ఇది వేసినప్పుడు జరిగింది చెప్పాలి. సినిమా మొదట్లో అతిథులు లోపలికి వచ్చి, మేడ మెట్లెక్కుతారు. కాసేపటికి మళ్లీ అదే, మళ్లీ లోపలికి వచ్చి మళ్లీ మెట్లెక్కుతారు. మా ఆపరేటర్ కుర్రాడు డిస్కు గీసుకుపోయిందనుకుని ఆపేశాడు. బయటికి తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టాడు. హాల్లో ఈలలు. నేను పరుగెత్తి "ఒరేయ్ బాబూ, అది సినిమానేరా" అని చెప్పాల్సి వచ్చింది. పాపం వాడి తప్పేం లేదు. కూర్పు పూర్తయిన సినిమా చూసి స్వయంగా ఫిగెరోవానే కంగారుగా బున్యుయెల్ దగ్గరికి వచ్చి, ఒక షాట్ రెండుసార్లు పడింది, పొరపాటు జరిగిందని చెప్పాడట. తీసినవాడే పట్టుకోలేకపోతే మావాడెంత.

అసలు విషయం ఆ తర్వాత టీ దగ్గర. ఒక రిటైరైన తెలుగు మాస్టారు అన్నారు: "ఇందులో అర్థం కానిదేముందయ్యా. మా వియ్యాలవారు ఇలాగే. 'ఇక వెళ్లొస్తాం' అని లేచి, గుమ్మం దగ్గర అరగంట, గేటు దగ్గర ఇంకో అరగంట. ముందు కదిలినవాడు మర్యాద తప్పినట్టు." అందరం పగలబడి నవ్వాం. కానీ ఆలోచిస్తే అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఎక్కడా చదవలేదు. ఎవరూ ముందు లేవరు, ఎందుకంటే ఇంకా ఎవరూ లేవలేదు. అందుకే కొత్తవాళ్లకి ఇదే మొదట. చిక్కుముడి విప్పక్కర్లేదు, ఆట నియమం రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, మిగతాదంతా ఆ నియమం మనుషుల్ని ఏం చేస్తుందో చూడటమే. ఆ గొర్రెలు దేనికి ప్రతీక, ఎలుగుబంటి దేనికి ప్రతీక అని చెల్లెలు అడిగితే తెలీదని చెప్పండి. బున్యుయెల్ సినిమాలో ప్రతీకలు వెతకడం మొదలుపెట్టారంటే సినిమా చూడటం ఆపేశారన్నమాట. నాకు ఈ సంగతి ఒంటపట్టడానికి పదేళ్లు పట్టింది. మొదట్లో నేనే కరపత్రాలు కొట్టించి 'గొర్రె అంటే చర్చికి లొంగిన జనం' అని రాసి పంచినవాణ్ణి. ఆ కాగితాలు ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చించేయండి.

ఇక 'విరిదియానా'. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

సన్యాసం పుచ్చుకోబోయే అమ్మాయి విరిదియానా. చివరిసారి చూసి రమ్మంటే మేనమామ వరసయ్యే దోన్ హైమే ఇంటికి వస్తుంది. చనిపోయిన భార్య పోలికలు ఈమెలో కనబడి ఆయన మనసు చెడుతుంది. అక్కణ్ణించి జరిగేవి మీరే చూడండి. ఆయన పోయాక ఆ ఆస్తిలో సగం ఈమెది, సగం ఆయన కొడుకు హోర్హేది. ఆమె ఊళ్లో బిచ్చగాళ్లందర్నీ చేరదీసి తిండిపెట్టి ప్రార్థనలు చేయిస్తుంది. అతను పొలాలు బాగుచేస్తాడు, ఇంటికి కరెంటు పెట్టిస్తాడు.

ఒక చోట హోర్హే దారిలో నిలబడి ఉంటాడు. గుర్రబ్బండి ఒకటి వస్తుంది. కింద ఇరుసుకి తాడుతో కట్టిన కుక్క, బండి వేగానికి నాలుక వేలాడేసుకుని పరిగెడుతుంటుంది. దాన్ని పైన కూర్చోబెట్టొచ్చు కదా అంటే, బండి మనుషుల కోసం అంటాడు బండివాడు. హోర్హేకి జాలేసి డబ్బిచ్చి కుక్కని కొనేస్తాడు. తాడు పట్టుకుని, ఒక మంచి పని చేసిన మనిషి నడకతో వెళుతుంటాడు. అప్పుడే అతని వెనక, ఎదురు దిక్కునుంచి ఇంకో బండి పోతుంది. దాని కింద ఇంకో కుక్క, అదే తాడు, అదే పరుగు. అతను చూడడు. కెమెరా చూస్తుంది. సంగీతం లేదు, దగ్గర షాటు లేదు, "గమనించండి" అని ఎవరూ చెప్పరు. మొత్తం నిమిషం ఉంటుందేమో.

ఇందులో కల లేదు, కన్ను కోయడం లేదు. అయినా మొత్తం లోకం ఒక్కసారి పక్కకి ఒరిగిన భావన. నేను మొదటిసారి చూసినప్పుడు నవ్వాను, ఇంటికి వెళ్లే దారిలో నవ్వు పోయింది. బండి కింద కుక్క తానే బండి లాగుతున్నాననుకుందని మనకో సామెత ఉంది. చిత్రం ఏమిటంటే ఇక్కడ ఆ సామెతలో కుక్క బండి కింద లేదు, తాడు రెండో కొస పట్టుకుని నడుస్తోంది. విరిదియానా కూడా అంతే. ఇరవైమంది కూడా లేని బిచ్చగాళ్లకి అన్నం పెట్టి లోకాన్ని లాగుతున్నాననుకుంటుంది.

అందుకని బున్యుయెల్ దానధర్మాన్ని వెక్కిరించాడని అనుకోకండి. చాలామంది అక్కడే తప్పుతారు. మా హాల్లో ఒకావిడ, అనాథ పిల్లలకి నిజంగా చేసే మనిషి, సినిమా మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. వారం తర్వాత వచ్చి డిస్కు అడిగి తీసుకెళ్లారు. తిరిగి ఇస్తూ ఒక్క మాటే అన్నారు: "ఆ పిల్ల చేసింది తప్పు కాదు, కృతజ్ఞత ఆశించడం తప్పు." బిచ్చగాళ్లని బున్యుయెల్ పవిత్రుల్ని చెయ్యలేదు, రాక్షసుల్నీ చెయ్యలేదు. యజమానులు ఊరెళ్లిన రాత్రి వాళ్లు బంగళాలోకి దూరి, తెల్ల బట్ట పరిచిన బల్ల మీద విందు చేసుకుంటారు. ఫోటో తీయించుకుందామని అందరూ బల్లకి ఒకే వైపు సర్దుకుని కూర్చుంటారు, నడుమ గుడ్డివాడు. ఒక్క క్షణం కదలిక ఆగుతుంది. చూస్తే అది లియొనార్డో డా విన్చీ వేసిన క్రీస్తు చివరి విందు బొమ్మ. ఫోటో తీసేది ఒక ఆడమనిషి, కెమెరా లేదు, లంగా ఎత్తి తీసినట్టు చేస్తుంది. ఆ విందులోనే గ్రామఫోన్ మీద హాండెల్ భక్తి సంగీతం.

1961లో ఇది స్పెయిన్ తరఫున కాన్‌కి వెళ్లి అగ్రబహుమతిని ఇంకో సినిమాతో కలిసి పంచుకుంది. ఆ వెంటనే వాటికన్ పత్రిక మండిపడింది. బహుమతి అందుకున్న స్పెయిన్ అధికారి ఉద్యోగం పోయింది. నియంత ఫ్రాంకో బతికున్నంతకాలం అక్కడ బొమ్మ పడలేదు, 1977 దాకా ఆగాల్సి వచ్చింది. అన్నిటికంటే ముచ్చటైనది ముగింపు. మొదట రాసుకున్న ప్రకారం ఆమె రాత్రి హోర్హే గది తలుపు తడుతుంది, లోపలికి వెళుతుంది, తలుపు మూసుకుంటుంది. సెన్సార్‌వాళ్లు కుదరదన్నారు. సరేనని మార్చాడు. ఆమె వెళ్లేసరికి గదిలో పనిమనిషి రమోనా ఉంటుంది, ముగ్గురూ కూర్చుని పేకాట మొదలుపెడతారు, వెనక ఒక రాక్ పాట. అంతే. సెన్సార్ సంతకం పెట్టింది. ఇద్దరి వ్యవహారం ముగ్గురిదైందని వాళ్లకి తట్టనే లేదు. ఈ ముగింపే ఎక్కువ ఘాటుగా ఉందని బున్యుయెలే తర్వాత ఒప్పుకున్నాడు.

మీ రెండో స్నేహితుడికి అన్యాయం చేయను. 1972 నాటి 'డిస్క్రీట్ చార్మ్' చాలా సరదా సినిమా. ఆరుగురు భోజనానికి కూర్చోవాలి, ఒక్కసారీ కుదరదు. కలలో కల, ఆ కలలో ఇంకోడి కల. ఝాన్-క్లోద్ కారియేర్‌తో కలిసి రాసిన ఫ్రెంచి సినిమాలన్నిట్లోకీ నున్నగా తయారైనది. ఆ నునుపే నాకు పేచీ. 'ఏంజెల్'లో గదిలో చిక్కుకున్నవాళ్లకి దప్పికేస్తుంది, కంపు కొడతారు, చస్తారు. ఇక్కడ భోజనం తప్పిపోతే ఎవరికీ ఆకలి వెయ్యదు. అదే కదా విసురు అంటారు మీ స్నేహితుడు. నిజమే. కానీ ఆకలి తెలిసిన దర్శకుడు తీసిన ఆకలిలేని సినిమా అది. ఆ కాలంలోదే కావాలంటే నేను 1977 నాటి ఆఖరి సినిమా 'దట్ అబ్‌స్క్యూర్ ఆబ్జెక్ట్ ఆఫ్ డిజైర్' ఎంచుకుంటాను. ఒకే పాత్రకి ఇద్దరు నటీమణులు, కరోల్ బూకే, ఆంహెలా మోలీనా. వంతులవారీగా వస్తారు. ఆమెని వెంటపడే ముసలాయన తేడా కనిపెట్టడు. మా హాల్లో కూడా మూడోవంతు మంది కనిపెట్టలేదు, అది నాకు సినిమా కంటే పెద్ద వినోదం. బున్యుయెల్‌కి అప్పటికి 77. శతాబ్దంతో పాటు పుట్టినవాడు కాబట్టి సినిమా ఏడాది చూస్తే వయసు తెలిసిపోతుంది, ఈ సౌకర్యం అందరు దర్శకులతోనూ ఉండదు.

మీరెవరూ ఎత్తని సినిమా ఒకటి ఉంది, 1953 నాటి 'ఎల్'. అనుమానపు మొగుడి కథ. హోటల్ గదిలో పక్కవాడు తొంగి చూస్తున్నాడన్న అనుమానంతో తాళం రంధ్రంలోకి సూది గుచ్చుతాడు. మనోవిశ్లేషకుడు లకాన్ దీన్ని తన విద్యార్థులకి చూపించేవాడు. మన పాత సినిమాల్లో అనుమానపు భర్తల్ని చూసినవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. మొదటి అరగంట అచ్చం అలాంటి కథే, తర్వాత కాలికింద నేల కదలడం మొదలవుతుంది. నా మూడో స్థానం దీనికే, ఎవరితోనైనా పోట్లాడతాను.

ఒక హెచ్చరిక. స్పెయిన్‌లోని కడుబీద కొండపల్లెల మీద 1933లో తీసిన 'లాస్ ఉర్దెస్' ఉంది, ఒక అరాచకవాద మిత్రుడికి లాటరీ తగిలితే ఆ డబ్బుతో తీశాడు. కొండ మీంచి మేక జారిపడే దృశ్యంలో ఫ్రేము అంచున తుపాకి పొగ కనిపిస్తుంది. పడలేదు, కాల్చి పడేశారు. గొప్ప సినిమా అనేవాళ్లున్నారు. నాకు ఆ పొగ కనబడ్డాక మిగతాది నమ్మబుద్ధి కాలేదు. చెల్లెలికి దాన్ని మొదట చూపించకండి.

'విరిదియానా' రెండోసారి చూసేటప్పుడు మనుషుల్ని వదిలేసి ఒక తాడు వెంట పడండి. చిన్నపిల్ల రీతా ఆడుకునే స్కిప్పింగ్ తాడు, రెండు కొసలా చెక్క పిడులు. దోన్ హైమే ఆ పిల్ల గెంతుతుంటే చూస్తూ కూర్చుంటాడు. తర్వాత ఆ తాడుతోనే చెట్టుకి ఉరేసుకుంటాడు. ఇంకొన్నాళ్లకి అదే చెట్టు కింద, అదే తాడుతో పిల్ల మళ్లీ గెంతుతుంటుంది. ముసలి నౌకరు తిట్టి లాక్కుంటాడు. ఆఖరికి ఒక బిచ్చగాడు దాన్ని నడుముకి కట్టుకుని తిరుగుతుంటాడు, విందు రాత్రి వాడు విరిదియానా మీద పడ్డప్పుడు తోసేయబోయిన ఆమె చేతికి తగిలేది ఆ పిడే. ఈ తాడు సంగతి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. నేను నాలుగోసారి చూసినప్పుడు గానీ మొత్తం పట్టుకోలేకపోయాను. మీ గదిలో ముగ్గురు ఉన్నారు కాబట్టి త్వరగానే దొరుకుతుంది.